కళ్లద్దాలు తీశాక ఏం మిగులుతుంది? వీఆర్ చిత్రాలు, సహానుభూతి, సామాజిక మార్పు

క్లుప్తంగా

వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ పెట్టుకుని ఒక శరణార్థి శిబిరంలో ఎనిమిది నిమిషాలు నిలబడితే మనసు కదులుతుంది. ఇది ప్రయోగాల్లో కొలిచి చూసిన విషయమే. కానీ కదిలిన మనసు సంతకంగా, చందాగా, చివరకు ఒక ప్రభుత్వ ఉత్తర్వుగా మారడం వేరే పని. ఆ పనిలో హెడ్‌సెట్ వాటా చిన్నది. దాన్ని తీసిన వెంటనే చూసినవాడి ముందు ఎవరున్నారు, ఏం అడిగారు అన్నదాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడుతుంది. కొన్ని రకాల అనుభవాలు మేలు చేయకపోగా చూసేవారి అపోహలను పెంచుతాయి కూడా.

'సహానుభూతి యంత్రం' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది

2015 జనవరిలో దావోస్ ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశానికి వచ్చిన ప్రముఖులకు హెడ్‌సెట్లు తగిలించి 'క్లౌడ్స్ ఓవర్ సిద్రా' అనే చిన్న చిత్రం చూపించారు. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో ఉంటున్న 12 ఏళ్ల సిరియా బాలిక తన గుడారం, బడి, రొట్టెల భట్టీ, ఆటస్థలం వెంట తిప్పి చూపిస్తుంది. నిడివి ఎనిమిదిన్నర నిమిషాలు. ఐక్యరాజ్యసమితి కోసం గాబో అరోరా, క్రిస్ మిల్క్ తీశారు. రెండు నెలల తర్వాత టెడ్ వేదిక మీద మిల్క్ వీఆర్‌ను అన్నిటినీ మించిన 'సహానుభూతి యంత్రం' అన్నారు. సినిమా సహానుభూతిని పుట్టించే యంత్రమని అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పదేళ్ల ముందే అన్నారు. 'అన్నిటినీ మించిన' అన్న విశేషణమే కొత్తది. గొడవంతా దాని చుట్టూనే.

ఈ దారి అంతకుముందే వేసినవారు నానీ డి లా పెన్యా అనే పాత్రికేయురాలు. 2012 సండాన్స్ ఉత్సవంలో ఆమె చూపించింది లాస్ ఏంజెలెస్‌లో ఉచిత ఆహారం కోసం నిలబడ్డ వరుస. వరుసలో ఒక మధుమేహ రోగి కుప్పకూలతాడు. శబ్దం అక్కడ నిజంగా రికార్డు చేసినదే, మనుషులు మాత్రం కంప్యూటర్ బొమ్మలు, అవీ మొరటుగా ఉన్నవి. అయినా చూస్తున్నవారిలో కొందరు ఆ లేని మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు, కొందరు ఏడ్చారు. ఆ హెడ్‌సెట్ తయారీలో చేయి వేసిన కుర్రాడు పామర్ లక్కీ తర్వాత ఆక్యులస్ సంస్థ పెట్టాడు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొనేసింది.

అక్కడి నుంచి జోరు పెరిగింది. 2015 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ తన చందాదారులకు పది లక్షలకు పైగా అట్టపెట్టె వ్యూయర్లు పంచి, ఇల్లు వదిలిన ముగ్గురు పిల్లల మీద తీసిన చిత్రం చూపించింది. 2017 కాన్ ఉత్సవంలో అలెహాండ్రో ఇన్యారిటు మెక్సికో సరిహద్దు దాటే వలసదారుల అనుభవాన్ని పెట్టారు. ప్రేక్షకుడు ఒక్కడే లోపలికి వెళ్లాలి, చెప్పులు విప్పాలి, ఇసుకలో నడవాలి. ఆరున్నర నిమిషాల ఈ కృతికి ఆస్కార్ అకాడమీ ప్రత్యేక పురస్కారం ఇచ్చింది.

బొమ్మ అని తెలిసినా ఒళ్లు ఎందుకు నమ్ముతుంది

బార్సిలోనాలో పనిచేసే పరిశోధకుడు మెల్ స్లేటర్ 2009లో దీన్ని రెండు భ్రమలుగా విడదీశారు. ఒకటి 'నేను అక్కడ ఉన్నాను' అన్న స్థల భ్రమ. రెండోది 'ఇక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతోంది' అన్న సంఘటన భ్రమ. మొదటిది యంత్రం పని. తల తిప్పిన సుమారు 20 మిల్లీసెకన్లలోపు దృశ్యం మారాలి, సెకనుకు 72 నుంచి 90 ఫ్రేములు తగ్గకుండా నడవాలి. కన్ను ఒకటి చెప్పి, లోచెవిలోని సమతుల్య భాగం ఇంకొకటి చెబితే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అప్పుడు ప్రేక్షకుడికి గుర్తుండేది శరణార్థి బాధ కాదు, తన వాంతి.

రెండోది కథ చెప్పేవారి పని. ఇక్కడే సామాజిక చిత్రాల్లో ఎక్కువగా వాడే 360 డిగ్రీల వీడియోకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. అందులో తల తిప్పవచ్చు, ఎత్తవచ్చు, వంచవచ్చు, కానీ ఒక అడుగు ముందుకు వేస్తే లోకమంతా తనతోపాటే జరుగుతుంది. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడుతుంది, మనం తలాడిస్తే మాత్రం స్పందించదు. కంప్యూటర్‌లో కట్టిన దృశ్యాల్లో నడవవచ్చు, వంగవచ్చు, వస్తువు పట్టుకోవచ్చు. కాకపోతే వాటి ఖర్చు ఎన్నో రెట్లు, మనుషులేమో బొమ్మలు.

స్పష్టత లెక్క కూడా చాలామంది పట్టించుకోరు. 4కె వీడియోలో అడ్డంగా 3,840 చుక్కలుంటాయి. అవి చుట్టూ 360 డిగ్రీలకు పరుచుకుంటాయి. ఒక్కసారికి కంటికి ఆనేది సుమారు 90 డిగ్రీలు అనుకుంటే దాని వాటా 960 చుక్కలు, అంటే పాత టీవీ స్థాయి. నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డ తల్లి ముఖంలో కన్నీరు అందులో కనిపించదు. అందుకే అనుభవమున్నవారు మాట్లాడే మనిషిని కెమెరాకు ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో కూర్చోబెడతారు. మీటరు కంటే దగ్గరికి తెస్తే రెండు లెన్సుల దృశ్యాలు కలిసే చోట ముఖం చీలినట్టు వస్తుంది. 8కెలో తీస్తే ఈ బాధ సగం తగ్గుతుంది, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది.

స్థల భ్రమ, సంఘటన భ్రమ రెండింటికీ మించినది దేహ భ్రమ. దృశ్యంలోని అద్దంలో ఇంకొకరి శరీరం కనిపిస్తూ, మన చేయి కదిపినప్పుడల్లా ఆ చేయీ కదిలితే కొద్ది నిమిషాల్లో మెదడు దాన్ని తనదిగా లెక్కవేస్తుంది. చాలా ఆశలూ, చాలా అపాయాలూ దీని చుట్టూనే ఉన్నాయి.

జాలి వేరు, కలవరం వేరు, అర్థం కావడం వేరు

'మనసు కదిలింది' అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాగున్నాయి. ఎదుటివారి బాధ చూసి వారికి మేలు జరగాలనుకోవడం ఒకటి. ఆ దృశ్యం చూడలేక తనకే గుండె దడ పుట్టడం రెండోది. వారి స్థితి ఎందుకు అలా ఉంది, ఏ ఇబ్బందుల మధ్య ఏ నిర్ణయం తీసుకుంటున్నారు అని గ్రహించడం మూడోది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ మొదటి రెండింటి తేడాను ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించారు. తప్పుకునే దారి సులువుగా ఉన్నప్పుడు, ఎదుటివారి మేలు కోరినవారు ఆగి సాయం చేశారు. తమ కలవరంతో సతమతమైనవారు తప్పుకున్నారు. హెడ్‌సెట్ కంటే సులువైన తప్పుకునే దారి ఏముంటుంది? తల వెనక పట్టీ వదులు చేస్తే చాలు, శిబిరం మాయం. బాంబు పేలుడు, దెబ్బలు, అరుపులతో నింపిన అనుభవాలు రెండో రకాన్నే ఎక్కువ పుట్టిస్తాయి. ప్రేక్షకులు చెమటలు పట్టి బయటికి రావడాన్ని నిర్మాతలు విజయంగా చెప్పుకుంటారు కానీ, సాయం లెక్కలో అది నష్టం వైపు నమోదు కావలసిన అంకె.

మూడో రకం ఇంకా కష్టం. 2021లో 43 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన ఒక సమీక్ష ప్రకారం వీఆర్ భావావేశపు సహానుభూతిని పెంచింది, ఎదుటివారి దృష్టితో ఆలోచించే సహానుభూతిని పెంచలేదు. పైగా కథ చదివించడం, ఊహించుకోమనడం లాంటి చవకైన పద్ధతుల కంటే మొత్తం మీద మెరుగ్గా కూడా లేదు. కారణం ఊహించదగినదే. చదివేటప్పుడు మిగతాది మనమే కల్పించుకోవాలి, ఆ శ్రమలోనే ఆలోచన ఉంది. హెడ్‌సెట్ ఆ శ్రమ తగ్గిస్తుంది.

ఇంకో చిక్కు ఒక్క మనిషి కథతో వస్తుంది. 2007లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో ఒక్కొక్కరి చేతికి 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి చందా అడిగారు. ఆఫ్రికాలో ఆకలి గణాంకాలు మాత్రమే చదివినవారు సగటున 1.14 డాలర్లు, మాలి దేశపు ఏడేళ్ల పాప కథ చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. పాప కథకు గణాంకాలు జోడించగానే అది 1.43కు పడిపోయింది. అంటే ఒక్కరి కథ జేబు తెరిపిస్తుంది, కారణాలూ అంకెలూ వస్తే జేబు మూసుకుంటుంది. సామాజిక మార్పుకు కావలసింది మాత్రం సరిగ్గా ఆ కారణాలూ అంకెలే.

అంకెలు నిజంగా ఏం చెబుతున్నాయి

వీఆర్ పక్షాన బలమైన ఆధారం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బైలెన్సన్ ప్రయోగశాల నుంచి వచ్చింది. 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో 15 నుంచి 88 ఏళ్ల మధ్య వయసున్న 560 మంది పాల్గొన్నారు. కొందరు వీఆర్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, అద్దె కోసం ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటి అమ్ముకుని, చివరకు బస్సులో రాత్రి తలదాచుకునే మనిషిగా ఏడు నిమిషాలు గడిపారు. కొందరు అదే కథ చదివారు. కొందరు మామూలు కంప్యూటర్ తెర మీద చూశారు, కొందరు వాస్తవాలు మాత్రమే చదివారు. తర్వాత, చవక ఇళ్ల కోసం పన్ను పెంపును సమర్థించే అర్జీ అందరి ముందూ పెట్టారు. మొదటి అధ్యయనంలో వీఆర్ వాళ్లలో 82 శాతం, కథ చదివిన వాళ్లలో 67 శాతం సంతకం చేశారు. రెండో దాంట్లో వీఆర్ వాళ్లలో 85 శాతం, కథ చదివిన వాళ్లలో 63 శాతం, తెర మీద చూసిన వాళ్లలో 66 శాతం. ఎనిమిది వారాల తర్వాత కూడా వీఆర్ గుంపు వైఖరి కథ చదివినవారి కంటే మెరుగ్గా నిలిచింది.

ఈ తేడా చిన్నది కాదు. అయితే రెండు విషయాలు కలిపి చదవాలి. ఏ యంత్రమూ లేకుండా, మొదటి అధ్యయనంలో కథ చదివిన వాళ్లే నూటికి 67 మంది సంతకం పెట్టారు. ఇక రెండోది, అర్జీ అక్కడికక్కడే కలంతో సహా ఎదురుగా ఉంది, అందులో అడిగింది ఒక నిర్దిష్ట చర్య. అది లేకపోతే ఆ 82 మందీ ఇంటికెళ్లి ఎవరిని అడిగేవారు, ఏమని అడిగేవారు?

దావోస్ చిత్రం విషయంలో ప్రచారమైన అంకెలకు ఈ నిఖార్సుదనం లేదు. అది 2015 మార్చి 31న కువైట్‌లో జరిగిన సిరియా సహాయ సదస్సుకు ఊతమిచ్చిందని, అక్కడ 380 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయని తరచూ చెబుతారు. హామీల మొత్తం నిజమే. కానీ దేశాలు ఇచ్చే సాయం తమ బడ్జెట్లు, విదేశాంగ లెక్కల ప్రకారం ముందే చాలావరకు ఖరారవుతుంది. చిత్రం చూడని మరో సదస్సుతో పోల్చి చూసే వీలు లేదు. వీధుల్లో హెడ్‌సెట్ చూపించి చందా అడిగితే ఆరుగురిలో ఒకరు ఇచ్చారని, అది మామూలుకు రెట్టింపు అని ఐరాస వర్గాలు చెప్పిన లెక్క కొంత నయం. అక్కడా ఒక మినహాయింపు ఉంది. రోడ్డు మీద ఆగి ఎనిమిది నిమిషాలు చూడడానికి ఒప్పుకున్నవాడు అప్పటికే సగం దాత.

మంచి చేయబోతే చెడు జరిగే తీరు

2009లో ఒక ప్రయోగంలో కొందరిని నల్లజాతి అవతార్‌లోకి పంపి ఉద్యోగ ఇంటర్వ్యూకు కూర్చోబెట్టారు. బయటికి వచ్చాక వారిలో జాతి వివక్ష తగ్గలేదు, పెరిగింది. 2013లో బార్సిలోనా బృందం తెల్లజాతి మహిళలను నల్లని శరీరంలో అద్దం ముందు నిలబెట్టి తిప్పితే వివక్ష తగ్గింది. ఈ వైరుధ్యానికి జవాబు 2020లో అదే బృందం చేసిన పరిశీలనలో కొంత దొరికింది. చుట్టూ ఉన్న పాత్రలు ఎలా ప్రవర్తిస్తున్నాయన్నది కీలకం. దృశ్యం ప్రతికూలంగా ఉన్నప్పుడు ఆ మేలు నిలవలేదు. చెడు అనుభవంతో ముడిపడ్డ శరీరం చెడు ముద్రనే మిగిల్చిపోతుంది. 'అవమానం చవి చూపిస్తే కళ్లు తెరుస్తారు' అన్న నమ్మకంతో కుల వివక్ష మీద అనుభవాలు తయారు చేయాలనుకునేవారు ముందు చదవవలసింది ఈ మూడు ప్రయోగాలే.

వైకల్యాల విషయంలో పరిస్థితి ఇంకా స్పష్టం. కళ్లకు గంతలు కట్టి కాసేపు నడిపించే కార్యక్రమాలు మన కాలేజీల్లోనూ చూస్తుంటాం. 2015లో వచ్చిన అధ్యయనంలో అలా నడిచినవారు చూపులేనివారి మీద జాలి పెంచుకున్నారు. అదే సమయంలో చూపులేనివారు ఉద్యోగం చేయగలరని, సొంతంగా బతకగలరని నమ్మడం తగ్గించారు. గంతలు చూపించేది చూపు పోయిన మొదటి పది నిమిషాలను. కర్రతో నడక, బ్రెయిలీ, స్క్రీన్ రీడర్ నేర్చుకున్న ఇరవై ఏళ్లను కాదు. హెడ్‌సెట్ ఈ తప్పును ఇంకా నున్నగా చేయగలదు.

మరోవైపు శరీర మార్పిడి పనికొచ్చిన చోటు కూడా ఉంది. 2018లో ప్రచురితమైన స్పెయిన్ ప్రయోగంలో గృహహింస కేసుల్లో శిక్షపడ్డ మగవారిని వీఆర్‌లో బాధిత మహిళ దేహంలో నిలబెట్టారు. ఎదురుగా ఒక మగ పాత్ర అరుస్తూ మీదికొస్తుంది. అంతకుముందు ఆడవారి ముఖాల్లో భయాన్ని గుర్తించడంలో వెనకబడ్డ వీరు తర్వాత మెరుగుపడ్డారు. లక్ష్యం ఎంత ఇరుకుగా ఉందో చూడండి: ఫలానా మనుషులు, ఫలానా లోపం, ఫలానా కొలత. సమాజాన్ని మార్చేస్తాం అని ఎవరూ అనలేదు.

బుర్రకథలో వంతలు చేసే పని

భారతదేశంలో ఈ తరహా చిత్రాలు 2016 నాటికే వచ్చాయి. ముంబైకి చెందిన ఎల్స్‌వీఆర్ సంస్థ ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా బొగ్గు గనులకు భూమి పోగొట్టుకున్నవారి మీద, త్ర్యంబకేశ్వర్ గర్భగుడి ప్రవేశం కోసం మహిళలు చేసిన పోరాటం మీద, గుజరాత్‌లోని ఊనాలో దళితులను కొట్టిన ఘటన మీద 360 డిగ్రీల డాక్యుమెంటరీలు తెచ్చింది. దేశ విభజనలో ఇళ్లు వదిలినవారి జ్ఞాపకాల మీద పనిచేసే ప్రాజెక్ట్ దాస్తాన్ తయారు చేసిన యానిమేషన్ అనుభవం 2022లో సండాన్స్‌కు వెళ్లింది. అటు నుంచి ఇటు వచ్చిన ఒకరినీ, ఇటు నుంచి అటు వెళ్లిన ఒకరినీ పక్కపక్కన పెట్టడం దాని బలం. ప్రేక్షకుడు ఎవరి పక్షాన జాలిపడాలో ముందే తేల్చుకోలేడు.

తెలుగువారికి ఈ చర్చలో పోల్చడానికి దగ్గరి ఉదాహరణ సినిమా కంటే బుర్రకథ. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు, ముఖ్యంగా షేక్ నాజర్, దాన్ని ఊరూరా రాజకీయ ప్రచార సాధనంగా మలిచారు. తంబుర పట్టిన కథకుడు మధ్యలో ఉంటాడు, చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, రెండోవారు రాజకీయం చెబుతారు. కథకుడు జనాన్ని ఏడిపించగానే హాస్యపు వంత ఊపిరి పీల్చుకోనిస్తాడు. కథ మధ్యలో ఆపి, ఇదంతా మన ఊరి పన్నుకూ భూమికీ ఎలా ముడిపడిందో రాజకీయపు వంత విప్పుతాడు. పక్కనే సంఘం మనుషులు ఉంటారు, మర్నాడు మీటింగు ఉంటుంది. అన్నిటికీ మించి, తాను ఏడుస్తుంటే పక్కవాడూ ఏడవడం ప్రతివాడూ చూస్తాడు. 'ఇది నా ఒక్కడి గోడు కాదు' అన్న ఎరుక అక్కడే పుడుతుంది.

హెడ్‌సెట్‌లో కథకుడు ఒక్కడే ఉన్నాడు. ఊపిరి పీల్చుకోనిచ్చే వంత లేడు కాబట్టి బాధ కలవరంగా మారుతుంది. రాజకీయం చెప్పే వంత లేడు కాబట్టి కారణం అర్థం కాదు. కళ్లూ చెవులూ మూసి ఉన్నాయి కాబట్టి పక్కవాడు కనిపించడు. ప్రయోగాలు చూపించిన మూడు లోపాలకూ సరిపోయే వివరణ ఇది.

భావావేశం ఎంత తీవ్రమైనా ఒంటరిగా ఎంత దూరం వెళ్తుందో నల్లగొండ చూపిస్తుంది. 2003లో ఫ్లోరోసిస్‌తో ఒళ్లు వంకరపోయిన మర్రిగూడ ప్రాంతపు యువకుణ్ని ఉద్యమకారులు ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీదే పడుకోబెట్టారు. అంతకు మించిన 'అనుభవం' ఏ యంత్రమూ ఇవ్వలేదు, అంతకు మించిన ప్రేక్షకుడూ ఉండడు. ఇంటింటికీ మంచినీరు ఇచ్చే మిషన్ భగీరథను గజ్వేల్‌లో ప్రారంభించింది 2016 ఆగస్టులో. మధ్యలో ఏళ్ల తరబడి ఆందోళనలు, అర్జీలు, ఎన్నికలు, పైపులైన్ల అంచనాలు నడిచాయి. ఆ దృశ్యం వృథా కాలేదు. అది ఒక వ్యవహారానికి ముఖం ఇచ్చింది, వ్యవహారాన్ని నడిపింది మాత్రం వేరేవాళ్లు.

ప్రదర్శన పెట్టేవారి లెక్కలు

తొమ్మిది నిమిషాల చిత్రానికి పట్టీ సరిచేయడం, తుడవడం, వివరించడం కలిపి మనిషికి 13 నిమిషాలు పడుతుంది. ఒక హెడ్‌సెట్‌తో గంటకు నలుగురు. ఐదు హెడ్‌సెట్లతో, బ్యాటరీ రెండు గంటలు నిలిచిందనుకుంటే, ఒక విడతలో 40 మంది. ఊరంతటికీ చూపించాలనుకోవడం ఈ లెక్కకు నిలవదు. కాబట్టి ఎవరికి చూపించాలన్నదే మొదటి నిర్ణయం. సర్పంచులు, ఇంజినీర్లు, స్థాయీ సంఘం సభ్యులు లాంటి 40 మంది దొరికితే పరికరం ఖర్చుకు అర్థం ఉంటుంది.

చూసేవారిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాలి. నిలబెడితే కొందరు తూలతారు, మామూలు కుర్చీలో కూర్చున్నవారు వెనక ఏముందో చూడరు. కొప్పు, జడలో పూలు ఉంటే వెనక పట్టీ సరిగా కూర్చోదు, దృశ్యం మసకబారుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆడవాళ్లు మసక దృశ్యమే చూసి మర్యాదకు బాగుందని లేచిపోతారు. రెండు కళ్ల పాపల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులు జరపాలి, పెద్దల్లో ఇది సగటున 63 మిల్లీమీటర్లు. బొట్టు, కుంకుమ, చెమట అంటుకునే స్పాంజికి విడిగా కవరు వేయాలి. లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, స్పిరిట్ తగిలితే పూత పోతుంది. ఎండలో లెన్సులు పైకి ఉండేలా హెడ్‌సెట్ వదిలేస్తే అవి భూతద్దంలా పనిచేసి లోపలి తెరను నిమిషాల్లో కాల్చేస్తాయి.

సబ్‌టైటిళ్లు ఇక్కడ పనికిరావు. ఒకచోట అతికిస్తే తల తిప్పగానే కనిపించవు, తలతోపాటు కదిలిస్తే ముఖానికి అడ్డొస్తాయి. చదవడంలో పడినవాడు చుట్టూ చూడడం మానేస్తాడు కూడా. తెలుగు గొంతే పెట్టాలి, అదీ మూల మనిషి గొంతు అడుగున కాస్త వినిపించేలా. చిత్రంలో చూపించే బాధను స్వయంగా అనుభవించినవారు ప్రేక్షకుల్లో ఉండవచ్చు. లోపల ఏముందో ముందే చెప్పి, వద్దంటే బలవంతం చేయకూడదు.

తీసేటప్పటి చిక్కులు వేరు. కెమెరాను నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు కాస్త తక్కువగా, 150 సెంటీమీటర్ల దగ్గర పెడతారు. ఎదుటివారు నేల మీద కూర్చుంటే అదే ఎత్తు వారిని చిన్నచేసి చూపిస్తుంది, అప్పుడు స్టాండు దించాలి. కెమెరా కదిలితే తల తిరుగుతుంది, కదపకపోవడమే మేలు. 360 డిగ్రీల్లో 'ఫ్రేము బయట' అనేదే లేదు. బృందం గోడ వెనక దాక్కోవాలి, దాంతో మాట్లాడే మనిషి ఒక స్టాండుతో ఒంటరిగా మిగులుతుంది. దారిన పోయేవారు, పక్కింటి పిల్లలు, గోడ మీది రేషన్ కార్డు నకలు అన్నీ పడతాయి. అందుకే అనుమతి రెండుసార్లు తీసుకోవాలి: తీసేముందు ఒకసారి, తీసినది వారికే హెడ్‌సెట్‌లో చూపించాక ఇంకోసారి. రెండోసారి కొందరు వద్దంటారు. ఆ హక్కు కోసమే అడగడం.

హెడ్‌సెట్ తీసిన తర్వాతి పది నిమిషాలే అసలు ప్రదర్శన. అక్కడ రాజకీయపు వంత కావాలి. పోలవరం ముంపు గ్రామాల మీద చిత్రం తీశారనుకుందాం. 'నిర్వాసితులను ఆదుకోండి' అన్న కాగితం మీద ఎవరైనా సంతకం చేస్తారు, దానివల్ల ఏ ఫైలూ కదలదు. 41.15 మీటర్ల కాంటూరు లోపలి కుటుంబాల్లో ఎవరికి పునరావాస ప్యాకేజీ అందింది, ఎవరికి అందలేదు, 45.72 మీటర్ల దాకా నీరు నిలిపితే కలిసే గ్రామాలేవి అన్న పట్టిక చేతికిచ్చి, ఏ అధికారి నుంచి ఏ తేదీలోగా ఏ జవాబు కోరుతున్నారో రాసిన అర్జీ ముందు పెడితే, కదిలిన మనసుకు పట్టుకోవడానికి కొమ్మ దొరుకుతుంది. ఆ పట్టిక గురించి మాట్లాడవలసింది నిర్వాసితులే. వారు గదిలో ఉంటే ప్రశ్నలు అడగవచ్చు. చిత్రంలోని మనిషిని ఎంతసేపు చూసినా ప్రశ్న అడగలేం.

ఎవరి యంత్రం, ఎవరి లెక్క

2017 అక్టోబరులో తుపాను ధ్వంసం చేసిన ప్యూర్టోరికోలో మార్క్ జుకర్‌బర్గ్ కార్టూన్ అవతార్ నవ్వుతూ తిరిగింది. విమర్శలు వచ్చాక ఆయన క్షమాపణ చెప్పారు. తన ఉత్పత్తిని చూపించడమూ, ఇంకొకరి కష్టాన్ని చూపించడమూ ఒకే వీడియోలో పెట్టిన ఫలితమది. సహానుభూతి యంత్రమన్న మాటను ప్రచారం చేసిన మిల్క్ సంస్థ విథిన్ కూడా చివరికి వ్యాయామం చేయించే వీఆర్ యాప్‌తో పేరు తెచ్చుకుంది. 2023లో దాన్ని మెటా కొనేసింది. సామాజిక చిత్రాలకు మార్కెట్ లేదని చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు. అట్టపెట్టె వ్యూయర్ల అమ్మకాన్ని గూగుల్ 2021లో ఆపేసింది. ఆ కాలంలో తీసిన చాలా చిత్రాలకు ఇప్పుడు తగిన యాపే లేదు. తీసేవారు అసలు ఫైలును, విడి శబ్దపు ట్రాకులను తమ దగ్గర దాచుకోవడం అవసరం.

చూసేవారి వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. 2020లో స్టాన్‌ఫర్డ్ బృందం 511 మంది 360 డిగ్రీల వీడియోలు చూస్తున్నప్పుడు తల, చేతుల కదలికలను నమోదు చేసింది. ఐదు నిమిషాల కంటే తక్కువ కదలికలతో ఆ 511 మందిలో ఫలానా మనిషి ఎవరో 95 శాతం కచ్చితత్వంతో గుర్తించగలిగింది. పేరు రాసుకోకపోయినా నడకలాగా తల తిప్పే తీరూ ఒక వేలిముద్రే. ఎవరి బాధకు ఎటు తల తిప్పాడో, ఎక్కడ కళ్లు మళ్లించుకున్నాడో పరికరానికి తెలుస్తుంది. గుడి ప్రవేశం, భూసేకరణ లాంటి విషయాల మీద చూపించేటప్పుడు ఇది చిన్న సంగతి కాదు. హెడ్‌సెట్లను ఇంటర్నెట్‌కు కలపకుండా, ఎవరి ఖాతాతోనూ లాగిన్ కాకుండా ఉంచి చూపించడం సాధ్యమైనంత మేలు.

చివరగా, ఫలితం కొలిచే పద్ధతి. ఎంతమంది ఏడ్చారన్నది కొలత కాదు. 80 మందిని చీటీలు తీసి రెండు గుంపులు చేయాలి. 40 మందికి హెడ్‌సెట్‌లో, 40 మందికి అదే చిత్రాన్ని గోడ మీద ప్రొజెక్టర్‌తో, అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి చూపించాలి. తర్వాతి చర్చ, అర్జీ, మాట్లాడే మనుషులు ఇద్దరికీ ఒకటే. ఎనిమిది వారాల తర్వాత ఎంతమంది ఆ అర్జీ ఏమైందని అడిగారో, ఎంతమంది గ్రామసభకో మండల సమావేశానికో వచ్చారో లెక్కపెట్టాలి. 40 మంది చొప్పున చిన్న తేడాలు పట్టుబడవు, పెద్ద తేడా ఉంటే కనిపిస్తుంది. అది కూడా కనిపించకపోతే, వచ్చే ఏడాది హెడ్‌సెట్ల అద్దె డబ్బుతో ఒక బుర్రకథ దళానికి బయానా ఇవ్వవచ్చు.